అవగాహన ఉంది, గునుగు పువ్వే లేదు

మెయిన్స్‌కు తయారయ్యే మనందరికీ ఒక అలవాటు ఉంది. పర్యావరణం మీద ఏ ప్రశ్న వచ్చినా చివరి పేరాలో "ప్రజల్లో అవగాహన పెంచాలి" అని రాసేస్తాం. పోయినేడు సద్దుల బతుకమ్మకు అశోక్‌నగర్ నుంచి ఊరికి వెళ్లేదాకా నేనూ అదే రాశాను. ఆ వాక్యాన్ని ఎందుకు మానేశానో చెబుతాను. మీరు ఒప్పుకోకపోయినా ఒకసారి ఆలోచించండి.

మా కాలనీ కమిటీ ఆ ఏడాది ఎనిమిది అడుగుల బతుకమ్మ చేయాలనుకుంది. లోపల థర్మోకోల్, చుట్టూ బంతి, చామంతి, సందుల్లో ప్లాస్టిక్ పూలు. మీటింగ్‌లో లేచి నాకు తెలిసిందంతా చెప్పాను. అలంకరణకు వాడే థర్మోకోల్‌ మీద 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉందన్నాను. రాజ్యాంగం 51ఏ(జి) అధికరణలో అడవులు, నదులతో పాటు సరస్సులను కాపాడటం కూడా పౌరుడి ప్రాథమిక విధి అని ఉంది, మన చెరువూ అందులోకే వస్తుందన్నాను. ఎవరూ కాదనలేదు. అమ్మ మాత్రం ఒక్క మాట అడిగింది: "మంచిగనే చెప్పినవ్ బిడ్డా. మరి గునుగు ఏడికెళ్లి తెస్తవ్?"

నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు తెల్లవారుజామునే ఆమెతో పాటు సంచి పట్టుకుని వెళ్లాను. చిన్నప్పుడు గునుగు కోసుకున్న జొన్నచేలో ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. దాని అవతల పత్తి. చేనుకే కాదు, గట్టు మీద కూడా గడ్డిమందు కొట్టారు. గుట్ట కింద రెండే తంగేడు పొదలు మిగిలాయి, వాటి కొమ్మలు కూడా మాకంటే ముందొచ్చినవాళ్లు విరుచుకుపోయారు. రెండు గంటలు తిరిగితే సగం సంచి నిండింది.

ఈ పండుగ తెలియని మిత్రుల కోసం నాలుగు మాటలు. బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. తాంబాలంలో గుమ్మడి ఆకులు పరిచి, వాటి మీద గునుగు, తంగేడు, బంతి, కట్ల పూలను వరుసలుగా గోపురంలా పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెడతారు. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ పాడుకుని, చివరికి చెరువులో వదులుతారు. 2014లో ఇది తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది. తంగేడు రాష్ట్ర పుష్పం.

ఇందులో ప్రధానమైన రెండు పూలను గమనించండి. గునుగు రైతు దృష్టిలో కలుపు మొక్క. తంగేడు నీళ్లు పోసేవాడు లేకపోయినా బీడులో పూస్తుంది. రెండూ వానలు పడి చెరువు నిండే కాలానికి అందుబాటులో ఉంటాయి. అంటే ఎవరూ సాగు చేయని, ఎవరూ కొనక్కర్లేని పూలతో కుదిరిన డిజైన్ ఇది. దానికి కావలసినవి మూడే: బీడు, గట్టు, చెరువు. ఇవాళ కరువైనవీ ఆ మూడే.

అందుకే నా వాదన ఇది. పర్యావరణహితమైన పూల అలంకరణ అంటే పండుగ ముందు రోజు ఒక వస్తువు తీసేసి ఇంకొకటి పెట్టడం కాదు. పువ్వు పెరిగే నేలను ఏడాది పొడవునా మిగుల్చుకోవడం. థర్మోకోల్ అసలు జబ్బు కాదు, జబ్బు లక్షణం.

థర్మోకోల్ ఎందుకు వచ్చిందో ఇంజనీరింగ్ చదివినవాడిగా లెక్క వేసి చూశాను. రెండడుగుల బతుకమ్మను అదే ఆకారంలో ఎనిమిది అడుగులకు పెంచితే ఎత్తు నాలుగింతలే పెరుగుతుంది. లోపల నింపాల్సిన ఘనపరిమాణం మాత్రం అరవై నాలుగింతలవుతుంది. అంత పువ్వు ఏ చేనూ ఇవ్వదు. కాబట్టి లోపల తేలికైనదేదో నింపాల్సిందే. ఎత్తుకు బహుమతి ప్రకటించిన రోజే మనం థర్మోకోల్‌ను పిలిచినట్టు.

"అన్నీ నిజమైన పూలే వాడితే సరిపోతుందిగా" అంటారేమో. అదీ పూర్తిగా సరికాదు. నీళ్లలో కుళ్లే ప్రతి పువ్వూ కరిగిన ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. పారే నీటికి, నిండు చెరువుకు కొన్ని తాంబాలాల పూలు లెక్క కాదు. చుట్టూ ఇళ్లు వచ్చి కుంచించుకుపోయిన కుంటలో ఒకే రాత్రి లారీల కొద్దీ పూలు పడితే చేపలకు ఊపిరాడదు. సహజమైనదైనా మోతాదు దాటితే కాలుష్యమే.

ఇది తెలంగాణ ఒక్కదాని సమస్య కూడా కాదు. కేరళలో ఓణం పూక్కళం ముగ్గుకు సంప్రదాయంగా వాడే పూలలో తుంబ ఒకటి, అంటే మన తుమ్మి పువ్వు. అదీ దారి పక్కన, పెరట్లో దానంతటదే మొలిచే మొక్కే. ఇప్పుడు ఓణానికి బంతిపూలు కర్ణాటకలోని గుండ్లుపేట నుంచి, తమిళనాడు నుంచి లారీల్లో వెళ్తాయి. అయితే కేరళ అక్కడితో ఆగలేదు. 1998లో మొదలైన కుటుంబశ్రీ మహిళా సంఘాలు కొన్నేళ్లుగా ఓణం కోసం స్థానికంగా పూలు సాగు చేస్తున్నాయి. అక్కడివాళ్లు పువ్వు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్నకు జవాబు వెతికారు. మనం పూలను ఎక్కడ పారేయాలన్న దగ్గరే ఆగిపోయాం.

"బంతిపూలు కొంటే రైతుకు ఆదాయమే కదా" అన్నది బలమైన అభ్యంతరం. నిజమే, బంతి రైతుతో నాకు పేచీ లేదు. కానీ ఒకప్పుడు కూలికి వెళ్లే ఆడమనిషి కూడా సాయంత్రం తిరిగి వస్తూ ఒళ్లో ఇంత గునుగు తెచ్చుకుని, ఎవరికీ తీసిపోని బతుకమ్మ పేర్చేది. ఇప్పుడు అదే పూలు మార్కెట్లో కట్టల లెక్కన కొనాలి. ఉమ్మడి నేల పోతే మొదట నష్టపోయేది సొంత నేల లేనివాళ్లు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో 2011లోనే చెప్పింది. ఆ తీర్పును మనం భూముల నోట్స్‌లో చదువుతాం. పండుగ నోట్స్‌లోనూ ఉండాలంటాను.

మరి ఏం చేయాలి? నాకు తోచినవి నాలుగు.

ఒకటి, చెరువు శిఖం అంచుల్లో, పంచాయతీ బీడుల్లో తంగేడు, గునుగులకు కొంత చోటు వదలాలి. గునుగు రైతుకు కలుపు కాబట్టి పంట చేలకు దూరంగా ఉండాలి. నర్సరీ మొక్కల జాబితాలో నీడనిచ్చే చెట్లతో పాటు ఇలాంటి పొదలకూ స్థానం ఇవ్వాలి.

రెండు, పోటీలు పెట్టేవాళ్లు ఎత్తుకు మార్కులు తీసేసి, ఎన్ని రకాల స్థానిక పూలు వాడారన్నదానికి ఇవ్వాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడు, థర్మోకోల్ నిషేధాన్ని పండుగ రోజు ఆడవాళ్ల తాంబాలాల దగ్గర కాదు, నెల ముందు హోల్‌సేల్ దుకాణాల దగ్గర అమలు చేయాలి.

నాలుగు, నిర్వాహకుల బాధ్యత. లైసెన్సు లేని చోట వందమందికి మించి గుమిగూడే కార్యక్రమం పెట్టేవాళ్లు మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు తెలపాలని, చెత్తను వేరు చేసే బాధ్యత వాళ్లదేనని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. మా కమిటీలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఇక్కడ మాత్రం అవగాహన అన్న మాట వాడతాను, అది ఎవరికి కావాలో పేరు పెట్టి మరీ.

ఇంతకీ ఏం జరిగిందంటారా? నేను ఓడిపోయాను. కమిటీ ఎనిమిది అడుగుల బతుకమ్మే చేసింది. ఫొటోలు బాగా వచ్చాయి. మర్నాడు పొద్దున చూస్తే చెరువు ఒడ్డున తెల్లటి ముక్కలు నురగలా తేలుతున్నాయి. అమ్మ ఆ సగం సంచి పూలతో అడుగు ఎత్తు బతుకమ్మ పేర్చింది. కాసిని గునుగు కంకులు మాత్రం పేర్చకుండా పక్కన పెట్టింది. ఎండాక దులిపితే ఆవాల కన్నా చిన్న నల్లటి గింజలు రాలాయి. వాటిని కాగితంలో పొట్లం కట్టి దాచింది. ఈ జూన్‌లో తొలి వానకు ఇద్దరం చెరువు కట్ట కింద చల్లి వచ్చాం. ఎన్ని మొలుస్తాయో చూడాలి.

ఈసారి పర్యావరణం మీద పదిహేను మార్కుల ప్రశ్న వస్తే, చివరి పేరా రాసే ముందు ఒక్క క్షణం ఆగండి. అవగాహన ఉన్న మనిషికి ఇంకా ఏం లేదో అడగండి. మీ జవాబు అక్కడి నుంచి మొదలుపెట్టండి.