ఎంపీసీ వాళ్ళకి మైటోకాండ్రియా ఎందుకు?

టెన్త్ రిజల్ట్స్ వచ్చిన వారంలోపే మనల్ని రెండు గుంపులు చేసేస్తారు. లెక్కలొస్తే ఎంపీసీ, డాక్టర్ అవ్వాలంటే బైపీసీ. పదిహేనేళ్ళకే కట్టే ఈ గోడ తప్పని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ఒక ప్రోటీన్ సంగతి చెప్పాలి. బయాలజీ అనగానే స్క్రోల్ చేసెయ్యకండి.

కణానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో బయటపెట్టినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. (క్విజ్ పోటీల్లో తప్ప ఆయన పేరు మన క్యాంపస్‌లో వినపడదు, అది వేరే బాధ.) ఆ ఏటీపీ ఎక్కువగా తయారయ్యేది మైటోకాండ్రియాలో. దాని లోపలి పొర చాలా కట్టుదిట్టం, ఏదీ ఊరికే దాటలేదు. కాల్షియానికి మాత్రం అందులో ఒక దారి ఉంది. కాల్షియం వెళ్తే ఏటీపీ తయారీ జోరందుకుంటుంది, మరీ ఎక్కువైతే కణమే చచ్చిపోతుంది. డెల్టావాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కాలవకి నీళ్ళూ కావాలి, లాకులూ కావాలి.

ఈ దారి ఉందని 1960ల మొదట్లోనే తెలుసు. దాన్ని తయారుచేసే జీన్ ఏదో దాదాపు యాభయ్యేళ్ళు దొరకలేదు. పట్టుకున్నవాళ్ళలో ఒకరు వంశీ మూతా, తెలుగు మూలాలున్న హార్వర్డ్ ప్రొఫెసర్, 2014లో పద్మశ్రీ. డాక్టరే, కానీ అంతకుముందు స్టాన్‌ఫర్డ్‌లో చదివింది గణితం, కంప్యుటేషన్. ఆయన టీమ్ మైటోకాండ్రియా ప్రోటీన్లన్నిటికీ 2008లో ఒక జాబితా కట్టింది, పేరు మైటోకార్టా. ఇంకో క్లూ కూడా ఉంది. ఈ కాల్షియం దారి మనుషుల్లో ఉంది, ట్రిపనోసోమ్ అనే ఏకకణ పరాన్నజీవిలో ఉంది, బ్రెడ్డు పొంగించే ఈస్ట్‌లో లేదు. అయితే ఆ జీన్ కూడా వాటిలో ఉండాలి, ఈస్ట్‌లో ఉండకూడదు. ఎస్‌క్యూఎల్‌లో మనం రాసే వేర్ క్లాజు ఇదే కదా! ఇలా జల్లెడ పట్టగా 2010లో లాకు కాపలాదారు లాంటి ఎంఐసీయూ1, 2011లో అసలు చానల్ ఎంసీయూ బయటపడ్డాయి. ఇటలీలోని పాడువా టీమ్ కూడా అదే ఏడాది ఎంసీయూని చేరింది. ల్యాబ్‌లో నిరూపించే కష్టం తక్కువేం కాదు, కానీ ఎక్కడ వెతకాలో చెప్పింది డేటా.

2014లో ఇంకోటి తేలింది. ఎంఐసీయూ1 జీన్ పాడైన పిల్లల్లో కండరాల బలహీనత, నేర్చుకోవడంలో ఇబ్బంది, అదుపులేని కదలికలు కనిపించాయి. అలాంటి ఇంట్లో అమ్మానాన్నలకి "ఎందుకిలా?" అంటే ఇప్పుడు కనీసం జవాబుంది. అది వెతకడానికి పనికొచ్చే చదువే మనం చదువుతున్నాం, అయినా మన ఓపెన్ ఎలక్టివ్స్‌లో బయోఇన్ఫర్మాటిక్స్ ఊసే లేదు. అడిగితే "మీకెందుకమ్మా, ప్లేస్‌మెంట్స్‌కి పనికిరాదు" అన్నారు. పనికిరాదని ఎవరు తేల్చారో మరి.

మైటోకార్టా ఫ్రీగా దొరుకుతుంది. తాజా వెర్షన్‌లో 1136 మానవ జీన్లున్నాయి, కొన్నింటి పనేంటో ఇంకా ఎవరికీ తెలీదు. మినీ ప్రాజెక్టుకి మళ్ళీ లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమే చేద్దామనుకుంటున్న టీమ్ ఏదైనా ఉంటే చెప్పండి, ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో ఉంది.