పేడగుంటలు – పొరుగుబావులు

అమెరికాయందలి వాషింగ్టను రాష్ట్రమున యాకిమా లోయలో వేలకొలది ఆవులను పెంచు పాలశాలలు గలవు. వాని పేడనీరు మట్టిగుంటలలో నిలువయుండి భూగర్భమున కింకినది. పొరుగుబావులలో నైట్రేటు పెరిగినది. నైట్రేటునకు రంగు లేదు, వాసన లేదు, కాచినను పోదు, పసికందుల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తిని హరించును. 2015లో అచ్చటి ఫెడరల్ న్యాయస్థానము, గుంటలనుండి కారిన పేడయు, పైరుల యవసరమునకు మించి చల్లిన పేడయు ఎరువు గాదనియు, వ్యర్థపదార్థమే యనియు తీర్పు చెప్పెను.

ధర్మ మెచ్చటనైన నొక్కటియే. లీటరు త్రాగునీట నైట్రేటు 45 మిల్లీగ్రాములకు మించరాదని మన జాతీయ ప్రమాణము. కాని కాగితముపై గీచిన హద్దు బావిని కాపాడజాలదు. గుంటకు నీరింకని అడుగు వేయించుట, చుట్టుపట్ల బావులను ఏటేట పరీక్ష చేయించుట యజమానుని విధియని చట్టము శాసింపవలెను. పాలపై లాభము తనకు, బావిలో విషము పొరుగువానికి అనుట వ్యాపారము గాదు, అన్యాయము.