మన అప్పుతో ఎగిరిన విమానాలు

2023 మే 2న గో ఫస్ట్ ఐపీ పెట్టింది. మర్నాటి నుంచి దాని విమానాలు నేల విడవలేదు. వేసవి సెలవులకని శ్రీనగర్‌కో లేహ్‌కో ముందే టికెట్లు కొనుక్కున్న కుటుంబాలకు ప్రయాణమూ పోయింది, కట్టిన డబ్బూ చిక్కుకుపోయింది. ఆ రూట్లలో మిగతా కంపెనీల ఛార్జీలు అమాంతం పెరిగాయి. తప్పంతా ఇంజన్లిచ్చిన ప్రాట్ అండ్ విట్నీదేనంది యాజమాన్యం. అయి ఉండొచ్చు. టికెట్ డబ్బు పుచ్చుకున్నది ప్రాట్ అండ్ విట్నీ కాదు కదా!

చవకగా దొరికిందని మురిసిపోయి, మూడు నెలల తర్వాతి ప్రయాణానికి ఇవాళే డబ్బు కడతాం. దాన్ని మన పేరున ఎవరూ దాచరు. ఇవాళ్టి ఇంధనానికీ జీతాలకీ కరిగిపోతుంది. వడ్డీ, ప్రోనోటు, తనఖా ఏవీ లేకుండా విమాన కంపెనీకి మనం అప్పిస్తున్నాం.

ఆ కంపెనీ దివాలా పిటిషన్‌ను ట్రైబ్యునల్ స్వీకరించగానే మారటోరియం. బాకీ కోసం దావా వేసే వీల్లేదు. ఆస్తులు అమ్మితే బ్యాంకులు, కార్మికులు, ఉద్యోగులు, ప్రభుత్వం తీసుకోగా మిగిలిందేమైనా ఉంటే అప్పుడు ప్రయాణికుడు.

విమానాలు అద్దెకిచ్చిన కంపెనీలూ ఇదే మారటోరియంలో ఇరుక్కున్నాయి. వాళ్ల కోసం ఢిల్లీ చకచకా కదిలింది. విమానాలకూ ఇంజన్లకూ మారటోరియం వర్తించదంటూ 2023 అక్టోబరు 3న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2024 ఏప్రిల్‌లో 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమని హైకోర్టు ఆదేశించింది. 2025 జనవరిలో గో ఫస్ట్ లిక్విడేషన్‌కు వెళ్లింది. ఎవరి సొత్తు వాళ్లకివ్వడం న్యాయమే. మరి మన సొత్తో? విమానం ఓనరుకి విమానం, ప్రయాణికుడికి పీఎన్‌ఆర్ నంబరూనా?

చిట్టీ నడపాలంటే 1982 చట్టం ప్రకారం ముందు సెక్యూరిటీ కట్టాలి. రెరా కింద బిల్డరు కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఫ్లాటు కొన్నవాళ్లను 2018లో దివాలా చట్టమే ఫైనాన్షియల్ క్రెడిటర్ల వరసలోకి తెచ్చింది. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినా విమాన ప్రయాణికుడు మాత్రం ఎవరికీ గుర్తురాలేదు.

విమానం బయల్దేరేదాకా టికెట్ డబ్బు విడి ఖాతాలో ఉండాలి. దాన్ని ముట్టుకున్న యాజమాన్యం జవాబు చెప్పాలి. అలాగైతే ఛార్జీలు పెరుగుతాయని కంపెనీలు గగ్గోలు పెడతాయి. పెరగనివ్వండి! రేపు ఎక్కాల్సినవాడి జేబు కొట్టి ఇవాళ ఎక్కినవాడికి ఇచ్చే చవక మనకొద్దు.