బ్రింగ్ అప్: మాట యొకటి, అర్థములు పెక్కు

ఆంగ్లమున "బ్రింగ్" అనగా తెచ్చుట, "అప్" అనగా పైకి. రెండును గూడిన "బ్రింగ్ అప్" అనగా బిడ్డను పెంచుట యని మావారి బడిపుస్తకమున జదివి, ఆ మాట మాకు వచ్చినదనియే చిరకాలము తలచితిమి. అట్లు తలచుట యెంత ప్రమాదమో యీనడుమ తెలిసినది.

పొరుగింటి చిన్నది రెండుమాసముల బిడ్డతోడను, వైద్యశాలవా రిచ్చిన యాంగ్లపు కాగితముతోడను వచ్చి, "అత్తయ్యగారూ! మందు పోసిన వెంటనే పిల్లవాడు కక్కినాడు. మళ్లీ పోయవచ్చునా? ఇందులో చూచి చెప్పండి" అన్నది. కాగితమున "బ్రింగ్ అప్" కంటబడగనే, అది పెంపకమును గూర్చిన హితవు గాబోలునని యా వాక్యమును తుదిదాక జదువక విడిచి, "పోయవచ్చు నమ్మా" అనబోతిమి. అంతలో మావారు బడినుండి వచ్చి, కాగితము చూచి వారించిరి. బిడ్డ మందు కక్కినచో మరల పోయక వైద్యు నడుగవలయునని యచ్చట నున్నది! మాకు చెమటలు పట్టినవి.

ఆ మాటకు వేఱర్థములును గలవు. సంభాషణమున పాతబాకీ సంగతి యెత్తుటయు, మేడమీదికి కాఫీ తెచ్చుటయు, నేరము మోపబడినవానిని న్యాయాధిపతి యెదుట నిలుపుటయు, కంప్యూటరు తెరపై గోరిన పుటను రప్పించుటయు "బ్రింగ్ అప్పే". తేబడునది బిడ్డయైన పెంపకము, సంగతియైన ప్రస్తావము, పాలో మందో యైన వాంతి.

ఇది మనకు వింతగాదు. సంస్కృతమున "నీ" ధాతువునకు గొనిపోవుట యని యర్థము. అదియే "ప్ర"తో ప్రణయము, "పరి"తో పరిణయము, "ఉప"తో నుపనయనము నగును. ఇట్టి యుపసర్గలు 22. లౌకికభాషలో నవి ధాతువునకు ముందంటియే యుండును. వేదభాషలో నెడముగ నుండుటయు గలదు. ఆంగ్లమున "అప్" క్రియకు వెనుక నడచును. ఒక్కొక్కయెడ నడుమ బిడ్డను గూర్చుండబెట్టుకొని దూరముగ నిలుచును.

మన తెలుగున మాత్రము? బిడ్డ నెత్తుదుము, మాట యెత్తుదుము. జన్మ మెత్తుట గలదు, బిచ్చ మెత్తుటయు గలదు.

కావున, ఎఱుగని మాటకంటె నెఱిగిన మాటయెడనే జాగరూకత వలయును. ఎఱుగనిదానిని అడిగి తెలిసికొందుము, ఎఱిగినదానిని దాటిపోవుదుము. వాక్యమును తుదివఱకు జదువుడు. అది మందుకాగితమైనచో, పొరుగింటి పండితురాలిని గాక వైద్యునే యడుగుడు.

బిడ్డ సుఖముగ నున్నాడు. వానితల్లి యడుగగా నా మాటను అన్నియర్థములతో వ్రాసి యిచ్చితిమి; వాంతినే మొదట వ్రాసితిమి.