గీత గీసిన మాటలు

కష్టపడి రాసుకెళ్లిన వ్యాసంలో మాస్టారు నాలుగు వాక్యాలు అడ్డంగా కొట్టేస్తే మనసు చివుక్కుమనదూ! 1776 జూలైలో థామస్ జెఫర్సన్‌కీ అలాగే అనిపించింది. అప్పటికి ఆయన వయసు 33 ఏళ్లు. రాసింది మాత్రం మామూలు వ్యాసం కాదు... అమెరికా స్వాతంత్ర్య ప్రకటన.

ఫిలడెల్ఫియాలో సమావేశమైన కాంగ్రెస్ ఆ చిత్తుప్రతిని ముందేసుకుని మాట మాటా దిద్దింది. పక్కనే కూర్చున్న పెద్దాయన బెంజమిన్ ఫ్రాంక్లిన్, జెఫర్సన్ ముఖం చూసి ఓ కథ చెప్పాడట. టోపీల వ్యాపారి ఒకాయన దుకాణానికి బోర్డు రాయిస్తే, స్నేహితులు ఒక్కొక్కరే ‘ఈ మాటెందుకు, ఆ మాటెందుకు’ అంటూ తీసేయించారు. చివరికి మిగిలినవి ఆయన పేరూ, టోపీ బొమ్మా! ‘ఇచ్చట తాజా చేపలు అమ్మబడును’ అనే మన జోకు లాంటిదే.

అయితే కాంగ్రెస్ తీసేసిన వాటిలో నవ్వి ఊరుకోలేని పేరా ఒకటుంది. ఆఫ్రికా నుంచి మనుషుల్ని పట్టుకొచ్చి అమ్మే బానిస వ్యాపారాన్ని తూర్పారబడుతూ, ఆ పాపాన్ని ఇంగ్లండు రాజుకు అంటగట్టిన పేరా అది. దక్షిణ కెరొలినా, జార్జియా ప్రతినిధులకు నచ్చలేదనీ, ఆ వ్యాపారంలో చెయ్యి ఉన్న ఉత్తరాది వాళ్లకూ ఇబ్బందిగానే తోచిందనీ జెఫర్సనే తర్వాత రాసుకున్నాడు.

అందుకే ఆయన ఓ పని చేశాడు. తను మొదట రాసిన పాఠాన్ని సొంత దస్తూరీతో మళ్లీ రాసి, కాంగ్రెస్ మార్చిన చోటల్లా మాటల కింద గీతలు గీసి స్నేహితులకు పంపాడు. అలా రాసిన కొన్ని ప్రతుల్లో ఒకటి ఇప్పుడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది. వెలుతురు తగిలితే పాత సిరా వెలిసిపోతుంది. కాబట్టి ఎప్పుడూ బయట ఉంచరు. కొన్నేళ్లలో జూలై 4 దగ్గర పడ్డప్పుడు కొద్దిరోజులు మాత్రం అద్దాల పెట్టెలో పెట్టారు.

ఇదంతా చదివి జెఫర్సన్‌ని మహానుభావుడని అనేసుకోకండి. మనుషులంతా సమానమని రాసిన ఆ చెయ్యే జీవితకాలంలో 600 మందికి పైగా బానిసల్ని ఏలింది. ఆ పేరా తీసేసిన దేశంలో బానిసత్వం రద్దు కావడానికి 1865 దాకా... అంటే మరో 89 ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో ఎన్ని తరాలు సంకెళ్లలోనే పుట్టి సంకెళ్లలోనే పోయాయో!

అందరూ సంతకాలు చేసిన తుది ప్రతి వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌కు చెందింది. దేశం ఏం చెప్పుకుందో అందులో ఉంటుంది. ఏం చెప్పడానికి జంకిందో తెలియాలంటే మాత్రం ఈ గీతల కాగితమే చూడాలి.

వేసవిలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు న్యూయార్క్ అనగానే లిబర్టీ విగ్రహం చూసొస్తారు. ఈసారి ఫిఫ్త్ అవెన్యూలో రాతి సింహాలు కాపలా కాసే ఆ గ్రంథాలయం మెట్లూ ఎక్కండి. ఆ కాగితం ప్రదర్శనలో ఉందో లేదో ముందే కనుక్కోండి. ఉంటే, మనవణ్ని దగ్గరికి పిలిచి ఆ గీతలు చూపించండి. ‘ఇవెందుకు తీసేశారు తాతయ్యా?’ అని వాడు అడిగాడంటే... చరిత్ర పాఠం మొదలైనట్టే!