ప్రతిభ - క్రమశిక్షణ

ప్రతిభ ఉండీ క్రమశిక్షణ లేనివారికి దృష్టాంతంగా ఇరాన్ మిడ్‌ఫీల్డర్ అలీ కరీమీని పలువురు పేర్కొంటారు. ఈ తీర్పు సగమే సత్యమని మా అభిప్రాయం.

1978లో కరజ్ నగరంలో జన్మించిన కరీమీ, 2004 ఆసియా కప్పు క్వార్టర్ ఫైనల్‌లో దక్షిణ కొరియాపై మూడు గోల్స్ చేసి ఇరాన్‌ను 4-3తో గెలిపించాడు. ఆ ఏటి ఆసియా ఉత్తమ క్రీడాకారుడయ్యాడు. 2005లో బేయర్న్ మ్యూనిక్‌లో చేరినా, రెండేండ్లకు మించి నిలువలేదు. 2008లో ఫుట్‌బాల్ సమాఖ్యను విమర్శించి జాతీయ జట్టుకు దూరమయ్యాడు. 2010లో, రంజాన్ ఉపవాసం పాటించలేదనీ, అధికారులను దూషించాడనీ ఆరోపించి స్టీల్ ఆజిన్ క్లబ్బు అతనిని తొలగించింది. కొద్ది రోజులకే తిరిగి చేర్చుకున్నది.

ఈ అభియోగాలన్నిటినీ ఒకే గాటన కట్టరాదు. దూషణ నిజమైతే దోషమే. విమర్శ దోషం కాదు. ఇక రోజా, దాసునికీ అల్లాహ్‌కూ మధ్యనున్న లెక్క. దానిని క్లబ్బు తనిఖీ చేయజాలదు.

కమిటీ పెద్దలకు మా మనవి: ఎదురుప్రశ్న వేసిన ప్రతి విద్యార్థినీ అవిధేయుడని నిర్ణయించకండి. విద్యార్థులారా, మీరూ ఒకటి గమనించండి. దేశం తరఫున 127 ఆటలలో కరీమీ చేసిన 38 గోల్స్ ధిక్కారఫలం కాదు, సాధనాఫలం.