వడదెబ్బ ముప్పును వార్డులవారీగా లెక్కగట్టాలి

వేసవి హెచ్చరికలు ఎక్కువగా గరిష్ఠ ఉష్ణోగ్రత అనే ఒక్క అంకె చుట్టూనే తిరుగుతున్నాయి. మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు నమోదై, అది సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ వడగాల్పు అంటుంది. తీరంలో ఆ గీత 37 దగ్గర ఉంది. ఎండను కొలవడానికి ఇది చాలు గానీ, ఎవరు ఎక్కడ కుప్పకూలతారో చెప్పడానికి చాలదు. 2023 ఏప్రిల్ 16న నవీ ముంబయిలోని ఖార్‌ఘర్‌లో జరిగిన బహిరంగ సభలో గంటల తరబడి ఎండలో కూర్చున్నవారిలో 14 మంది చనిపోయారు. ఆ రోజు నమోదైంది సుమారు 38 డిగ్రీలే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒంటి వేడి దిగదు. బెజవాడ ఉక్కపోత ఎరిగినవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. పగలంతా వేడిని పట్టి ఉంచిన కాంక్రీటు రాత్రి దాన్ని వదులుతుంది కాబట్టి, రేకుల గదిలో పడుకునే కూలీ మర్నాడు అలసిన ఒంటితోనే పనికి వెళ్తాడు. నెల కూడా ముఖ్యమే. మనకు రోహిణి కార్తె అంటే భయం గానీ, ఒళ్లు ఇంకా అలవాటు పడని తొలి ఎండలు అదే ఉష్ణోగ్రత దగ్గర ఎక్కువ హాని చేస్తాయి.

జపాన్ ఈ చిక్కును పట్టించుకుంది. అక్కడి వడదెబ్బ హెచ్చరికకు ఆధారం తేమ, సూర్యరశ్మి, గాలి వేడి కలిసిన సూచిక. అందులో 70 శాతం బరువు తేమ ప్రభావాన్ని చూపే తడిబల్బు ఉష్ణోగ్రతదే. ఆ సూచిక 33 చేరుతుందనుకుంటే హెచ్చరిక జారీ చేసే పద్ధతిని 2021లో దేశమంతటా అమలుచేశారు. వడదెబ్బతో అంబులెన్సు ఎక్కినవారెందరో అగ్నిమాపక సంస్థ కూడా ప్రకటిస్తుంది. నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది ఈ రెండోదే. జబ్బుపడినవారి లెక్క పక్కన లేకపోతే హెచ్చరిక ఫలించిందో లేదో ఎప్పటికీ తేలదు. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా వడగాల్పుల సమాచారం ఇవ్వడం మెచ్చదగిన పనే. కానీ నగరంలో చెట్లున్న కాలనీకీ, దాని వెనకే ఉన్న బస్తీకీ ముప్పు ఒకటి కాదు, అందుకే అంచనా వార్డులవారీగా ఉండాలి.

వడదెబ్బ మరణాల నమోదే సరిగా లేనప్పుడు అంచనా ఎలా కుదురుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. గుండెపోటనో, కిడ్నీల వైఫల్యమనో రాసేస్తే ఎండ పాత్ర కాగితం మీదికి రాదు. 2015లో దేశంలో రెండు వేలు దాటిన మరణాల్లో అత్యధికం తెలుగు రాష్ట్రాలవే. అవీ లెక్కకెక్కినవి మాత్రమే. అయితే పరిహారానికి ఒక్కో మరణానికీ రుజువు కావాలి, అంచనాకు అక్కర్లేదు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో మామూలు కంటే 1,344 మరణాలు ఎక్కువయ్యాయని పరిశోధకులు తేల్చింది అన్ని రకాల మరణాల మొత్తాన్ని పోల్చి చూసే. 2013లో ఆ నగరం వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. వాతావరణమే మారుతుంటే పాత లెక్కలు రేపటికి పనికిరావన్న వాదనలోనూ కొంత నిజముంది. అందుకే ఏటా వేసవి ముగియగానే లెక్కను సరిదిద్దుకోవాలి. ముప్పై ఏళ్ల సగటును పట్టుకుని కూర్చోవడం అంతకంటే ప్రమాదం.

గట్టి అభ్యంతరం మరొకటుంది. ముప్పు తెలిసినా అడ్డా కూలీ ఇంట్లో కూర్చోలేడు, ఆ పూట కూలి పోతుంది. అతని ఫోన్‌కు సందేశం పంపి చేతులు దులుపుకొనే అంచనా దండగే, ఒప్పుకోవాల్సిందే. కాబట్టి హెచ్చరికకు కట్టుబడాల్సింది కూలీ కాదు, పని చేయించేవారు. ముప్పు ఫలానా స్థాయి దాటితే మధ్యాహ్నం నిర్మాణ పని ఆపాలనీ, ఆ కూలి కోత పెట్టరాదనీ, పారిశుద్ధ్య కార్మికుల వేళలు మార్చాలనీ ఉత్తర్వు ముందే సిద్ధంగా ఉండాలి. ముప్పున్న వార్డు దవాఖానాలో ఐసు, చన్నీళ్ల తొట్టి ఉండాలి. వడదెబ్బ తగిలినవారి ఒంటిని ఎంత త్వరగా చల్లబరిస్తే బతికే అవకాశం అంత పెరుగుతుంది. దీనికి కొత్త ఉపగ్రహాలేమీ అక్కర్లేదు. మరణాల నమోదు హైదరాబాద్, విజయవాడ నగరపాలక సంస్థల దగ్గరుంది, అంబులెన్సు పిలుపుల వివరాలు 108 దగ్గరున్నాయి, తేమ లెక్కలు వాతావరణ శాఖ దగ్గరున్నాయి. ఈ మూడింటినీ పేర్లు తొలగించి రోజువారీగా ఒకచోట చేర్చమని ఆదేశించే జీవో వచ్చే ఫిబ్రవరిలోగా రావాలి.